ప్రశ్న వార్డులో పుట్టాలి

అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో క్షిపణుల మీద పనిచేస్తున్న రోజుల్లో నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ఆయన ల్యాబ్‌కు వచ్చారు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, అదెంత తేలికో చూసి, వెంటనే కలాంను తన ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లారు. అక్కడ చిన్నచిన్న పిల్లలు కాళ్లకు మూడేసి కిలోల ఇనుప క్యాలిపర్లు, అంటే ఊత పట్టీలు, తగిలించుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వీళ్ల బాధ తీర్చండని డాక్టరు అడిగారు. సరిగ్గా మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు సిద్ధమయ్యాయి. వాటితో పిల్లలు తిరుగుతుంటే తల్లిదండ్రులు కళ్లనీళ్లు పెట్టుకున్నారని కలాం ఆ తర్వాత ఎన్నో సభల్లో చెప్పేవారు.

ఆ పదార్థం అప్పటికే ల్యాబ్‌లో ఉంది. ఆ పిల్లలూ అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. ఊరు కూడా ఒకటే. కావాల్సిందల్లా ఇటువాళ్లు అటు వెళ్లి కళ్లారా చూడటం. వైద్యానికి కావలసిన పరికరాలు, యంత్రాలు రూపొందించే బయోమెడికల్ ఇంజినీరింగ్ మీద సదస్సులు పెట్టేది ఇందుకేనని మేము నమ్ముతాం.

ఇలాంటి సదస్సులు మనకు కొత్త కాదు. అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం ఐఈఈఈలోని వైద్య ఇంజినీరింగ్ విభాగం తన మొదటి ప్రాంతీయ సదస్సును 1995లో ఢిల్లీలో, మన దేశపు బయోమెడికల్ ఇంజినీరింగ్ సొసైటీ 14వ సదస్సుతో కలిపి జరిపింది. ఇప్పుడు మన యూనివర్సిటీలు, కాలేజీలు కూడా ఉత్సాహంగా నిర్వహిస్తున్నాయి. తన పరిశోధన పోస్టర్ పక్కన నిలబడి, ప్రొఫెసర్ ఏమడుగుతారోనన్న టెన్షన్‌తో అరచేతులు తుడుచుకుంటున్న మూడో సంవత్సరం విద్యార్థిని చూస్తే ముచ్చటేస్తుంది. మా బాధంతా ఆ పోస్టర్ మీది అంకెలు ఎవరివన్న దాని గురించే.

షుగర్ జబ్బును ముందే పసిగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం అనగానే విద్యార్థులు తరచూ వాడేది ‘పీమా ఇండియన్స్’ అనే సమాచార పట్టిక. పేరులో ఇండియన్స్ అని ఉంది కదా అని మనవాళ్లనుకుంటే పొరపాటు. పీమా అనేది అమెరికాలోని అరిజోనా ప్రాంతంలో ఉండే ఆదివాసీ తెగ. ఆ పట్టికలో ఉన్నవి 768 మంది ఆడవాళ్ల వివరాలు. మగవాళ్లు ఒక్కరూ లేరు. పట్టిక తెరిచి వరుసలు చూసుకుంటూ పోతే 35 మందికి బీపీ సున్నా అని ఉంటుంది. బీపీ సున్నా అయితే మనిషే ఉండరు, కొలత నమోదు కాలేదని దాని అర్థం. ఒక్కసారైనా వార్డులో నర్సు పక్కన నిలబడి బీపీ చూసిన విద్యార్థి ఆ సున్నా దగ్గర ఉలిక్కిపడి ఆగిపోతాడు. చూడని విద్యార్థి దాన్నీ లెక్కలో కలిపేసి, కచ్చితత్వం ఇన్ని శాతం అని రాసేస్తాడు. ఆ ప్రోగ్రాం రేపు కరీంనగర్‌లో ఒక ఆటో డ్రైవరుకు ఏం చెబుతుంది?

గుండె లయ మీద వచ్చే పేపర్లదీ దాదాపు ఇదే సంగతి. ప్రపంచమంతా వాడే ‘ఎంఐటీ–బీఐహెచ్’ అనే సేకరణలోని ఈసీజీలు బోస్టన్ ఆసుపత్రిలో 1975–79 మధ్య 47 మంది నుంచి తీసినవి. చేయి తిరగడానికి అవి చాలా మంచివి. అక్కడే ఆగిపోతేనే కష్టం.

ఒక పరికరాన్ని ఎవరి ఒంటి మీద సరిచూశారన్నది ప్రాణం మీదకు వచ్చే విషయం. 2020 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ వైద్యులు ఒక అధ్యయనం బయటపెట్టారు. రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా పల్స్ ఆక్సీమీటరు దాన్ని పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేల్చారు. వేలి చర్మంలోంచి వెలుతురు పంపి కొలిచే పరికరం కాబట్టి ఒంటి రంగు లెక్కను మారుస్తుంది. సరిగ్గా ఆ తర్వాతి వేసవిలోనే కరోనా రెండో వేవ్‌లో మనం అమ్మానాన్నల వేలికి ఆ క్లిప్పు పెట్టి, 94 వస్తే ఇంట్లో ఉంచి, 90కి పడితే బెడ్డు కోసం పరుగులు తీశాం. చామనఛాయ, నల్లటి ఛాయ ఎక్కువగా ఉన్న మన రోగుల్లో ఆ అంకె ఎంత తేడా చూపుతుందో మన ఆసుపత్రుల్లోనే కొలవవచ్చు. ఐసీయూల్లో ధమని రక్తం తీసి ఆక్సిజన్ పరీక్ష ఎలాగూ చేస్తుంటారు. అదే నిమిషంలో వేలి మీది అంకెను దాని పక్కన రాసుకోవాలి. రోగి అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం, ఓపికగా రాసేవాళ్లు ఉంటే చాలు. కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. ప్రాంతీయ సదస్సులో చదవాల్సిన పేపరంటే మా దృష్టిలో ఇదీ.

వెతికితే ఇలాంటి ప్రశ్నలు మన చుట్టూ కావలసినన్ని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. జీడితోటలో పనిచేసే మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకోకుండా గుమ్మం దగ్గరే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోగలగాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే వైద్య పత్రికకు ఎక్కింది. నల్లగొండలో ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లకు ఒంటికి సరిపోయే ఊత పరికరాలు ఎవరు చేయాలి? ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల్లో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు పరీక్ష కరెంటు, ఫ్రిజ్ లేని చోట కూడా పనిచేయాలి. వీటికి జవాబు బోస్టన్ నుంచి రాదు.

ఇక పాడైపోయిన యంత్రాల సంగతి. జాతీయ ఆరోగ్య మిషన్ 29 రాష్ట్రాల్లోని 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలను లెక్కపెట్టించింది. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదని తేలింది. ఆ తర్వాతే మరమ్మతుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. అయినా ‘పనిచేయుట లేదు’ అని తెల్లకాగితం అతికించి, మీద దుప్పటి కప్పి, వరండా చివర గోడకు చేర్చిన యంత్రాన్ని చూడని పాఠకులు తక్కువే. కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిపోయిందో, చిన్న విడిభాగం దొరకలేదో, కంపెనీ మనిషి వస్తే తప్ప పాస్‌వర్డ్ తెరుచుకోదో ఆసుపత్రి టెక్నీషియన్‌కు తెలుసు. ఏ బటన్ మొదట అరిగిపోతుందో, ఏ అలారం వార్డులో ఎవరూ పట్టించుకోరో నర్సుకు తెలుసు. ఈ ఇద్దరూ సదస్సు వేదిక మీద మాకు ఎప్పుడూ కనబడలేదు. డిజైన్ నేర్చుకునే పిల్లలకు వీళ్లకంటే మంచి గురువులు ఉంటారా?

చేయగల సత్తా మనకు లేదనే మాట మేము ఒప్పుకోం. కలాం, గుండె వైద్యుడు సోమరాజు కలిసి 1990ల్లోనే హైదరాబాద్‌లో గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే స్టెంట్‌ను తక్కువ ధరకు తయారుచేయించారు. దాని తర్వాత రెండు దశాబ్దాలకు, 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు పరిమితి పెట్టేదాకా మందుపూత స్టెంట్ సగటున లక్షా ఇరవై వేల రూపాయల పైనే పలికింది. అప్పుడు పెట్టిన పరిమితి రూ.29,600. ఆ మధ్యకాలంలో ఎన్ని కుటుంబాలు పొలం అమ్ముకున్నాయో! మధురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ కంటిలోపల పెట్టే లెన్సులను దిగుమతి ధరలో చిన్న వంతుకే ఇచ్చి, శుక్లాల ఆపరేషన్‌ను పేదలకు దగ్గర చేసింది. ఇవాళ విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ ఉంది, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, కందిలో ఐఐటీ, ఉస్మానియాలో బయోమెడికల్ విభాగం ఉన్నాయి.

అందుకే నిర్వాహకులను మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రతి పేపరులో రోగుల సమాచారం ఎక్కడిదో మొదటి పేజీలోనే రాయించండి. పనిచేయని యంత్రాన్ని ఒకదాన్ని హాలులోకి తెప్పించి, అందరి ముందూ విప్పించండి. ఈసారి చర్చించిన సమస్య ఏమైందో వచ్చే ఏడాది మొదటి గంటలో చెప్పించండి. జిల్లా ఆసుపత్రి స్టాఫ్ నర్సుకు, బయోమెడికల్ టెక్నీషియన్‌కు రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసి, ఒక పూట మొత్తం వాళ్లకే ఇవ్వండి. వాళ్లకు డ్యూటీ లీవు, రానుపోను బస్సు ఛార్జీలు ఇప్పించే పని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలది. ఆ ఉత్తర్వుకు ఒక పేజీ సరిపోతుంది.