రాయితీ ఇంటికి, పన్ను ఖాళీ ప్లాటుకు

పట్టణాల్లో కొత్తగా కట్టే ఇళ్లకు కొన్నేళ్లు ఇంటిపన్ను మాఫీ చేస్తే ఇళ్ల కొరత తీరుతుందన్న వాదన బిల్డర్ల నోట కొత్తదేం కాదు. పన్ను తగ్గుతుందంటే కాదనేవారెవరు? కానీ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మనిషిని ఇల్లు కట్టకుండా ఆపుతున్నది ఇంటిపన్నేనా? ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు: గజం ధర, సిమెంటు, స్టీలు, బ్యాంకు వడ్డీ, ఆపైన బోరులో నీళ్లు పడతాయో లేదోనన్న టెన్షన్. లక్షలు అప్పు తెచ్చి స్లాబ్ వేసేవాడు ఏడాదికి కొన్ని వేల పన్ను చూసి వెనకడుగు వేయడు.

పైగా పేదవాడి ఇంటికి ఈ రాయితీ ఇప్పటికే ఉంది. 75 గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదని 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం చెప్పింది. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు, ఏడాదికి 100 రూపాయలే పన్ను. అయితే ఆ 75 గజాలు దొరికేదెక్కడ? వెంచర్లలో అంత చిన్న ప్లాట్లు కోసేవారు అరుదు.

ఈ మాఫీ దారిలో ముందే నడిచిన నగరాలున్నాయి. జనం ఊరు వదిలిపోతున్న రోజుల్లో, 1971లో, న్యూయార్క్ కొత్త అపార్ట్‌మెంట్లకు '421-ఎ' పేరుతో పన్ను మినహాయింపు మొదలుపెట్టింది. నగరం కోలుకుంది, భూమి ధరలు ఆకాశాన్నంటాయి, మినహాయింపు మాత్రం పోలేదు. 2022లో గడువు ముగిసేనాటికి ఏటా 170 కోట్ల డాలర్లకు పైగా రాబడి వదులుకుంటున్నారు. రెండేళ్లకే '485-ఎక్స్' అని ఇంకో పేరుతో అది తిరిగొచ్చింది. ఫిలడెల్ఫియా కాస్త నయం. అక్కడ పదేళ్ల మాఫీ భవనానికే, దాని కింది భూమికి పన్ను కట్టాల్సిందే. 2022 నుంచి కొత్త ఇళ్లకు ఆ మాఫీ కూడా ఏటా 10 శాతం చొప్పున తగ్గిపోతోంది.

మన దగ్గర వ్యవహారం దీనికి తలకిందులు. ఇల్లు కట్టినవాడి గుమ్మం ముందుకు బిల్ కలెక్టర్ వస్తాడు. కడీలు పాతి వదిలేసిన ప్లాటు యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, అతణ్ని అడిగేవాడు లేడు. ఖాళీ స్థలానికీ పన్ను వేయొచ్చని చట్టంలో ఉంది. చాలాచోట్ల మున్సిపాలిటీకి అది గుర్తొచ్చేది మాత్రం ఆ యజమాని ఇంటి అనుమతికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడే! అంటే కట్టనన్నాళ్లూ హాయి, కట్టబోతే పాత బాకీతో సహా లెక్క. ఈలోగా రెండిళ్ల మధ్య ఆ ప్లాటులో సర్కారు తుమ్మ మొలుస్తుంది, వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, పందులు, దోమలు పక్కింటివాళ్ల పాలవుతాయి. మోరీ, నల్లా పైపు, కరెంటు స్తంభాలు ఆ ఖాళీలన్నీ దాటించి చివరి ఇంటిదాకా సాగదీయాల్సింది మాత్రం మున్సిపాలిటీ.

కిరాయిదారుల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లా కేంద్రాల్లోనూ యూనివర్సిటీలు, మెడికల్ కాలేజీలు వచ్చాయి, వాటితో పాటే గదులకు గిరాకీ పెరిగింది. 2019కి ముందున్న 1965 నాటి మున్సిపల్ చట్టం యజమాని తానే ఉండే ఇంటికి, పన్ను లెక్కగట్టే అద్దె విలువలో 40 శాతం తగ్గించింది, కిరాయికిచ్చిన ఇంటికి ఆ సౌకర్యం ఇవ్వలేదు. ఇంటిపన్ను భారం చివరికి కిరాయిలోనే కలుస్తుంది. ముంబై నుంచి హైదరాబాద్ దాకా అంతస్తులు లేపిన పాలమూరు కూలీ కుటుంబం సొంత జిల్లా కేంద్రంలో గది వెతుక్కుంటే మోసేదీ ఆ భారమే.

మాఫీ ప్రకటించేది హైదరాబాద్‌లో, లోటు పడేది ఇక్కడ. 2025లో కార్పొరేషన్ అయిన మహబూబ్‌నగర్‌కు కొత్త కాలనీల్లో రోడ్లు, మోరీలు వేయడానికి సొంత రాబడే ఆధారం. అసలే మన రాయితీల తీరు విడ్డూరం: ఏప్రిల్‌లో టంచనుగా పన్ను కట్టినవాడికి 5 శాతం, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడు పాత బాకీ ఒకేసారి కడితే వన్‌టైమ్ సెటిల్‌మెంట్ కింద వడ్డీలో 90 శాతం.

మాఫీకి మేం అడ్డు కాదు. పాత కాలనీల్లో ఖాళీగా పడి ఉన్న ప్లాట్లలో లేచే ఇళ్లకు, అందులోనూ కిరాయికిచ్చే చిన్న పోర్షన్లకు ఐదేళ్లు ఇవ్వండి, ఏటా కొంత తగ్గిస్తూ పోండి. ఆ లోటును రాష్ట్ర ఖజానా పూడ్చాలి. ఖాళీ ప్లాట్లకు దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా ఏటా డిమాండ్ నోటీసు వెళ్లాలి. ఇల్లని చెప్పి పన్ను తప్పించుకుని కింద మడిగెలు తెరిస్తే, తెరిచిన నాటి నుంచే మాఫీ రద్దు కావాలి.