రామప్పను కాపాడటమంటే చెరువునూ కాపాడటమే

2021 జులైలో చైనాలోని ఫుజౌ నగరం ఆతిథ్యమిచ్చిన యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ 44వ సమావేశాలు తెలుగువారికి ఒక్క కారణంతోనే గుర్తుండిపోయాయి. ఆ నెల 25న ములుగు జిల్లా పాలంపేటలోని కాకతీయ రుద్రేశ్వరాలయం, మనందరం పిలుచుకునే రామప్ప గుడి, ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలుగు నేలకు దక్కిన తొలి గుర్తింపు కావడంతో రెండు రాష్ట్రాల్లోనూ పండగ వాతావరణం కనిపించింది. సరిగ్గా నాలుగు రోజుల ముందు అదే కమిటీ ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఓడరేవు పేరును ఆ జాబితా నుంచి తొలగించింది. ఆ సంగతి మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు. రామప్ప భవిష్యత్తు గురించి ఆలోచించేవారు ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలన్నది నా అభిప్రాయం.

లివర్‌పూల్ 2004లో జాబితాలో చేరింది, 2012లో ‘ప్రమాదంలో ఉన్న వారసత్వం’గా హెచ్చరిక అందుకుంది, 2021లో 13 మంది సభ్యులు తొలగింపునకు అనుకూలంగా, ఐదుగురు వ్యతిరేకంగా ఓటు వేయడంతో హోదా పోగొట్టుకుంది. రేవు ఒడ్డునున్న ప్రసిద్ధ భవనాలు నేటికీ అక్కడే నిలిచి ఉన్నాయి. పోయింది వాటి చుట్టూ ఉన్న రేవు రూపం. పాత డాక్‌ల (ఓడలు నిలిపే నీటి మడుగుల) ప్రాంతంలో భారీ నిర్మాణాలకు, ఒక డాక్‌ను పూడ్చి ఫుట్‌బాల్ స్టేడియం కట్టడానికి నగరపాలక వర్గం అనుమతులిచ్చింది. జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బే లోయదీ ఇంచుమించు ఇదే కథ. నది మీద నాలుగు వరుసల వంతెన కట్టి తీరతామని పట్టుబట్టినందుకు 2009లో ఆ లోయ హోదా పోయింది. అంటే ఈ హోదా ఒకసారి మెడలో పడితే శాశ్వతంగా ఉండిపోయే పతకం కాదు, కట్టడంతో పాటు దాని పరిసరాలను కూడా కాపాడతామని ప్రభుత్వం ప్రపంచానికి రాసిచ్చిన హామీ పత్రం.

ఈ ఆలోచన పుట్టిందే నీటి ముంపులోంచి. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కింద మునిగిపోబోతున్న అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య ముక్కలుగా కోసి, ఎత్తైన చోట తిరిగి నిలబెట్టడానికి అనేక దేశాలు చేయి కలిపాయి. ఆ అనుభవమే 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందానికి దారి తీసింది. మనకూ ఆ నొప్పి కొత్త కాదు. నాగార్జునసాగర్ జలాశయం కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగింది, శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురానికి తరలించారు. రాళ్లు దక్కాయి, కృష్ణా తుంగభద్రల కూడలిలో ఆ గుడి నిలిచిన చోటు మాత్రం దక్కలేదు. సంగమంలో లేని సంగమేశ్వరుణ్ణి చూసినప్పుడల్లా ఆ లోటు మనసును కలచివేస్తుంది.

రామప్పకు ఇంకా ఆ లోటు రాలేదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడని అక్కడి శాసనం చెబుతోంది. ఆయన గుడి ఒక్కటే కట్టించలేదు. చెరువు తవ్వించాడు, ఊరు నిలబెట్టాడు. కొండల నడుమ కట్ట వేసి నీరు నిలపడం, ఆ నీటితో పంట పండించడం, పంట మీద ఊరు, ఊరి నడుమ గుడి: కాకతీయుల పాలన సాగిన తీరే ఇది. గుడి చూసి వెళ్లే యాత్రికుల్లో చెరువు కట్ట ఎక్కి, తూము దాకా నడిచి, దిగువన పచ్చగా పరుచుకున్న ఆయకట్టును చూసేవారు తక్కువ. చూడని వారికి రామప్ప సగమే తెలిసినట్టు.

గుడి లోపల ఒక స్తంభం దగ్గర గైడు సన్నని దారాన్ని రాతి చెక్కడపు రంధ్రంలోంచి దూర్చి చూపిస్తాడు. చూరు కింద నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) ఒంటి మీద నగల నునుపు ఎనిమిది వందల ఏళ్ల ఎండావానల తర్వాతా చెదరలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి కాలి కింద ఉంది. రంగమండపం నేల ఒక చోట కుంగి, ఒక చోట లేచి, అలలా కనిపిస్తుంది. పునాది గుంతను ఇసుకతో నింపి, దాని మీద బరువంతా మోపిన కట్టడం ఇది. అందుకే శిఖరానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. ఇసుక కదలకుండా, జారిపోకుండా ఉన్నంత కాలమే ఆ బరువును మోస్తుంది. కాబట్టి దగ్గరలో జరిగే లోతైన తవ్వకాలు, పేలుళ్లు, భూగర్భ నీటిమట్టంలో వచ్చే పెద్ద హెచ్చుతగ్గులు నేరుగా ఆలయ భద్రతకు సంబంధించినవే. పరిసరాల రక్షణ అనేది ఇక్కడ అందం కోసం అడిగేది కాదు, పునాది కోసం అడిగేది.

2014లో మన దేశం తాత్కాలిక జాబితాకు, అంటే హోదా కోరే ముందు పేర్లు నమోదు చేసే జాబితాకు, పంపిన ప్రతిపాదనలో రామప్పతో పాటు హనుమకొండ వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కీర్తితోరణాలు కూడా ఉన్నాయి. చివరకు రామప్ప ఒక్కటే నిలిచింది. శిల్పంలో ఆ రెండూ తీసిపోయేవి కావు. కానీ వేయిస్తంభాల గుడిని నాలుగు వైపులా పట్టణం ఎంత దగ్గరగా చుట్టుముట్టిందో చూసినవారికి తేడా ఎక్కడుందో వేరే చెప్పనక్కర లేదు. రామప్పను గట్టెక్కించింది దాని చుట్టూ మిగిలిన పొలాలు, నీళ్లు, ఖాళీ జాగా. ఇప్పుడు హోదా తెచ్చే జనం, జనం తెచ్చే హోటళ్లు, పార్కింగ్ స్థలాలు, వెంచర్లు ఆ ఖాళీనే ముందుగా మింగుతాయన్నది నా భయం.

దీనికి రెండో వైపు హంపి. 1986లో జాబితాకెక్కిన హంపి, తుంగభద్ర మీద వంతెనల నిర్మాణం వల్ల 1999లో ప్రమాద జాబితాలో పడి, 2006లో బయటపడింది. ఆ తర్వాత 2011లో విరూపాక్షుని గుడి ఎదుటి బజారులో, పాత మండపాల్లో దుకాణాలు, ఇళ్లు పెట్టుకుని బతుకుతున్న కుటుంబాలను యంత్రాలు పెట్టి ఖాళీ చేయించారు. కృష్ణరాయల కాలంలో జనంతో కిటకిటలాడిన వీధి అది. రాతిని కాపాడే పేరుతో ఆ వీధిలోంచి మనుషుల్నే తీసేయడం నాకు వారసత్వ రక్షణలా అనిపించదు.

పరిసరాలను పోగొట్టుకోవడం, మనుషుల్ని వెళ్లగొట్టడం అనే ఈ రెండు తప్పులూ పాలంపేటలో జరగకుండా చూసుకునే వ్యవధి ఇంకా ఉంది. కమిటీకి సలహా ఇచ్చే నిపుణుల సంఘం మరికొంత అధ్యయనం కావాలన్నా, కమిటీ సభ్య దేశాలు చొరవ చూపి గుడిని జాబితాలో చేర్చాయి, విస్తృత పరిసరాల సంరక్షణ ప్రణాళికను మన మీద పెట్టాయి. ఆ ప్రణాళిక హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఫైళ్లలో ఉంటే చాలదు. చెరువు శిఖం (నీరు నిలిచే భూమి) ఎక్కడి దాకా, కట్ట దిగువన ఏ సర్వే నంబర్లలో నిర్మాణాలు కుదరవు, రామప్ప ఆవరణలోనే తిరిగి కట్టడానికి రాళ్లు విప్పి పెట్టిన కామేశ్వరాలయం పని ఎంతవరకు వచ్చింది అనే వివరాలను తెలుగులో, పటంతో సహా, పంచాయతీ గోడ మీద అతికించాలి. ఆంక్షల వల్ల భూమి విలువ కోల్పోయే రైతుకు పరిహారం ఏమిటో గ్రామసభలోనే తేల్చాలి. ఆ తూము నీటితో నాటు వేసే రైతు తన పొలం కూడా రామప్పలో భాగమేనని ఎవరో చెబితే తప్ప తెలియని స్థితి ఉండకూడదు.