సిజేరియన్ తర్వాత పొట్టకు ఇచ్చే ఇంజెక్షన్: ఆ మెసేజ్‌లో ఏ మాట నిజం?

"సిజేరియన్ అయ్యాక పొట్ట పక్కన ఇచ్చే నొప్పి ఇంజెక్షన్ వద్దని చెప్పండి. అది నరాలను చంపేస్తుంది, లోపల ఏం జరిగినా తెలియదు, పాలలోకి మందు దిగుతుంది. నొప్పి ఓర్చుకుంటేనే పుండు త్వరగా మానుతుంది." ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మాటలివి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అంటే ఈ భయం చేరే ఇళ్లు చాలానే ఉన్నాయి.

ముందు నరాల సంగతి. ఎక్కువగా ఇచ్చేది ట్యాప్ బ్లాక్, అంటే పొట్ట గోడను కాసేపు మొద్దుబార్చే ఇంజెక్షన్. పొట్ట గోడలోని రెండు కండరాల పొరల మధ్య నుంచి నరాలు వెళ్తాయి. బుపివకైన్ లేదా రోపివకైన్ అనే మొద్దుబార్చే మందును ఆ పొరల మధ్య ఎక్కిస్తారు. నరంలోకి సూది గుచ్చరు. మందు పనిచేసినంతసేపు నరం నొప్పి కబురు మోయలేదు. చాలామందిలో కొన్ని గంటల నుంచి సగం రోజులోపు ఆ ప్రభావం పోయి, స్పర్శ మామూలుగా తిరిగొస్తుంది. ఇప్పుడు స్కానింగ్‌లో సూది మొన చూస్తూ ఇస్తున్నారు కాబట్టి నరం దెబ్బతినడం చాలా అరుదు. నిజంగా జాగ్రత్తపడాల్సింది మోతాదు దగ్గర. మందు రక్తంలో ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు, విరుగుడుగా లిపిడ్ ఎమల్షన్ (నరానికి ఎక్కించే కొవ్వు ద్రవం) దగ్గర పెట్టుకుంటారు.

"లోపల ఏం జరిగినా తెలియదు", అంటే రక్తం కారినా తెలియదు అన్నది అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట, అది తప్పు. ఈ బ్లాక్ పొట్ట గోడను మాత్రమే మొద్దుబారుస్తుంది. గర్భసంచి నొప్పిని మోసే నరాలు వేరు. బిడ్డ పాలు తాగేటప్పుడు గర్భసంచి ముడుచుకునే నొప్పి బ్లాక్ ఉన్నా తెలుస్తుంది. పారాసెటమాల్ లాంటి మందులు కూడా కలిపి ఇచ్చేది అందుకే. రక్తస్రావాన్ని పట్టుకునేది నాడి, బీపీ, మూత్రం, పొట్ట ఉబ్బు, ప్యాడ్ తడవడం చూసి. తల్లి నొప్పితో అరిచేదాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు.

పాలలోకి వెళ్లే మందు చాలా తక్కువ, అందులోనూ బిడ్డ కడుపు నుంచి ఒంటికి పట్టేది నామమాత్రం. పాలివ్వడం ఆపక్కర్లేదు.

ఇక ఓర్చుకోవడం. "మా కాలంలో మేం ఓర్చుకోలేదా" అనే అత్తలకీ అమ్మలకీ అప్పట్లో ఈ మందు దొరకలేదు, అంతే. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీసుకోకపోతే, దగ్గును బిగబట్టుకుంటే కఫం పేరుకుంటుంది. మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, బాలింతకు అసలే ఆ ముప్పు ఎక్కువ. నొప్పి ఓర్చుకున్నంత మాత్రాన పుండు త్వరగా మానదు. పచ్చి బాలింతను ఇలా బాధపడమనడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

అయితే ఈ బ్లాక్ అందరికీ అవసరం లేదు. వెన్నులో మత్తుతో పాటు మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇస్తే దీనివల్ల అదనంగా కలిగే లాభం తక్కువ. కాబట్టి ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరును "మార్ఫిన్ కలుపుతున్నారా, బ్లాక్ ఇస్తారా?" అని అడగండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గతంలో మత్తు ఇంజెక్షన్ పడకపోయినా అప్పుడే చెప్పండి. బ్లాక్ తర్వాత ఒక్కోసారి తొడ కొన్ని గంటలు బలహీనంగా ఉంటుంది. మొదటిసారి మంచం దిగేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.