సెరటోనిన్ ఎంత పెరిగితే గుండెకు అంత బలమా?

"సెరటోనిన్ ఆనంద హార్మోన్. ఒంట్లో ఎంత పెరిగితే గుండెకు అంత బలం. ముఖం ఎర్రబడితే రక్తప్రసరణ బాగున్నట్టే. రోజూ అరటిపళ్లు తినండి." వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మెసేజ్ మా చిన్నాన్నకీ వచ్చింది. ఆయనకు చిన్నపేగులో మొదలై లివర్‌కి పాకిన కార్సినాయిడ్ గడ్డలు (నెమ్మదిగా పెరిగే ఒక రకం క్యాన్సర్) ఉన్నాయి. "అయితే నాకు మొహం ఎర్రబడటం మంచిదేనటరా?" అని ఫోన్ చేశారు. ఆ మాటకి నాకు గుండె ఝల్లుమంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఆనందం సంగతి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. రక్తంలో తిరిగే సెరటోనిన్ మెదడులోకి పోలేదు. మెదడు తనకు కావలసింది తనే తయారుచేసుకుంటుంది. రక్తంలో పెరిగినంత మాత్రాన మనసు తేలికపడదు.

"గుండెకు బలం" అన్నదే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. కార్సినాయిడ్ గడ్డల్లో కొన్ని సెరటోనిన్‌ని విపరీతంగా వదులుతాయి. గడ్డ పేగులోనే ఉన్నంతకాలం ఆ రక్తం ముందు లివర్‌కి వెళ్తుంది, లివర్ అందులోని సెరటోనిన్‌ని విరిచేస్తుంది. గడ్డలు లివర్‌కే పాకితే ఆ కాపలా పోతుంది. సెరటోనిన్ నేరుగా గుండె కుడివైపుకి చేరుతుంది. అక్కడి వాల్వుల రేకుల మీద తెల్లటి మచ్చకణజాలం పేరుకుని, అవి దళసరెక్కి, కురచబడి, బిగుసుకుపోతాయి. ముఖ్యంగా కుడివైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే ట్రైకస్పిడ్ వాల్వు సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఎడమవైపు వాల్వులు చాలామందిలో బాగానే ఉంటాయి, ఎందుకంటే దారిలో ఊపిరితిత్తులు సెరటోనిన్‌ని చాలావరకు విరిచేస్తాయి. కీళ్లవాతం జ్వరం వల్ల వచ్చే వాల్వు జబ్బు ఎక్కువగా ఎడమవైపునే ఉంటుంది. ఇది దానికి భిన్నం.

ఇంకో రుజువుంది. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లూరమిన్‌ని 1997లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. పార్కిన్సన్స్ మందు పెర్గోలైడ్‌ని అక్కడే 2007లో తీసేశారు. రెండూ వాల్వు కణాల మీద సెరటోనిన్ పట్టుకునే చోటునే రెచ్చగొట్టి, ఇలాంటి నష్టమే చేశాయి. అయితే డిప్రెషన్‌కి డాక్టర్ రాసిన మందుల్ని వీటితో కలిపి భయపడొద్దు. అవి వేరుగా పనిచేస్తాయి. అడగకుండా ఆపితేనే ప్రమాదం.

ఇక ముఖం ఎర్రబడటం. ఎండ, మెనోపాజ్, మందులు, ఇలా మామూలు కారణాలే ఎక్కువ. కార్సినాయిడ్ అరుదు. కానీ చెమట పట్టకుండానే మాటిమాటికీ ముఖం, మెడ ఎర్రబడుతూ, నీళ్ల విరేచనాలూ పిల్లికూతలూ తోడైతే డాక్టర్‌కి చెప్పాలి. జబ్బు తేలినవాళ్లకి ఎకో (గుండె స్కాన్) కూడా చేయించాలి, ఎందుకంటే మొదట్లో వాల్వు పాడవుతున్నా ఏమీ తెలియదు. ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు హార్మోన్ ఉధృతిని తగ్గిస్తాయి గానీ, బిగుసుకుపోయిన వాల్వుని మళ్లీ మామూలు చెయ్యలేవు. అప్పుడు వాల్వు మార్పిడి ఆపరేషనే దారి.

అరటిపండు వాల్వుని పాడుచెయ్యదు, బాగుచెయ్యనూ చెయ్యదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చు. చిక్కల్లా పరీక్ష దగ్గర వస్తుంది. సెరటోనిన్ విరిగాక మిగిలే పదార్థాన్ని 24 గంటల మూత్రంలో కొలుస్తారు. అరటి, అనాస, టమాటా, అక్రోటు తింటే ఆ అంకె ఉత్తినే పెరుగుతుంది. అందుకే రెండు మూడు రోజుల ముందు నుంచి, మూత్రం పట్టడం పూర్తయ్యేదాకా మానమంటారు. ఈ మెసేజ్ నమ్మి రోజూ అరటిపళ్లు తింటే రిపోర్టే తారుమారవుతుంది.

చిన్నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన పరీక్ష వచ్చే సోమవారం. పిన్ని శుక్రవారం నుంచి పప్పులో టమాటా మానేసి చింతపండు వేస్తానంది.