క్రాష్ గార్డుపై కొలువుదీరిన ఫాగ్ లైటు గారికి

మహారాజశ్రీ ఫాగ్ లైటు గారి దివ్యసముఖమునకు, తిరుపతి లీలామహల్ కూడలిలో తమకు ఎదురుపడిన ఒక ద్విచక్ర వాహనదారుడు కళ్ళు చికిలించుకుని వ్రాసుకొను విన్నపము.

తమ పేరులో పొగమంచు ఉన్నది. మా ఊరిలో ఏప్రిల్ నెలలో 40 డిగ్రీల ఎండ ఉంటుంది. అయితే తమ అవసరం ఈ సీమలో బొత్తిగా లేదని అనను. శీతాకాలం తెల్లవారుజామున పలమనేరు వైపు మంచు నిజంగానే కమ్ముతుంది. భాకరాపేట ఘాటు మలుపులలోనూ, వెనుక ఎర్రదీపం లేని చెరకు ట్రాక్టరు హఠాత్తుగా ఎదురయ్యే పల్లె దారులలోనూ తమవంటి వారు తోడుండడం మంచిదే. కానీ తమ దర్శనం మాకు ఎక్కువగా లభించేది వీధిదీపాలు పట్టపగలును తలపించే అలిపిరి రోడ్డులో. కొండ ఎక్కడానికే బిగించానని తమ యజమాని అంటాడు. 2023 ఆగస్టులో చిరుత దాడి తరువాత, సాయంత్రం 6 దాటితే తిరుమల ఘాట్ రోడ్డుపై బైకులను అనుమతించని రోజులలో కూడా ఆయన ఆ మాటే అన్నాడు.

తమ ఎంపిక జరిగిన తీరు కూడా విచిత్రమే. డబ్బా మీద 120 వాట్లని ఉంటే చాలు, కొనేవాడు మురిసిపోతాడు. 12 వోల్టుల మీద 120 వాట్లంటే 10 ఆంపియర్లు. మీటరు పెడితే ఆ ప్రగల్భం అక్కడే తేలిపోతుంది. ఒకవేళ నిజమే అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే చిన్న బైకులో కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ అంత భారం మోయలేదు, ఉదయానికి బ్యాటరీ నీరసపడి సెల్ఫ్ స్టార్టు మూగబోతుంది. కాంతి ఎంత అన్నది అడిగేవారు ఉన్నారు, అది ఎక్కడ పడుతుందన్నది అడిగేవారు అరుదు. దూరం చూపే స్పాట్ లైటును, దగ్గరి రోడ్డును వెడల్పుగా చూపే ఫాగ్ లైటును ఒకే గంపలో పోసి అమ్ముతారు. పసుపు రంగు గాజు ఉంటే మంచు దానంతట అదే చీలిపోతుందని మరొక నమ్మకం; మంచులో పనికివచ్చేది కిందుగా, వెడల్పుగా, పై అంచు తెగినట్టు పడే వెలుగు, అది లేనప్పుడు రంగు ఒక్కటే ఒరగబెట్టేది తక్కువ.

ఇక తమ ప్రతిష్ఠాపన. హెడ్‌లైటు వైరును మధ్యలో కోసి, తమ వైరుతో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, పైన ఒక నిమ్మకాయ కట్టడంతో ఆ క్రతువు పూర్తవుతుంది. బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు, అక్కడినుంచి రిలే (చిన్న స్విచ్చు నొక్కితే పెద్ద కరెంటును కలిపే పెట్టె) లోనికి కరెంటు వచ్చే 30వ పిన్నుకు, బయటికి పోయే 87వ పిన్ను నుంచి తమ వరకు మందమైన వైరు, చేతికందేచోట విడిగా ఒక స్విచ్చు ఉండాలని ఎవరైనా అంటే, మెకానిక్ ఆయనను అనుమానంగా చూస్తాడు. ఆ స్విచ్చు లేకపోవడం వల్లనే కదా తాము కూరగాయల మార్కెట్టు దగ్గర కూడా ఆరిపోలేక బాధపడుతున్నారు! మోటారు వాహనాల చట్టంలో బండి మార్పులను కట్టడి చేసే 52వ సెక్షను సంగతి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానా విధించగల 182ఏ సెక్షను సంగతి ఎత్తి తమ శోభను తగ్గించడం నాకు ఇష్టం లేదు. బండికి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఏర్పాటు 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బైకులన్నింటికీ తప్పనిసరి చేశారు గనుక, తాము లేని బండి ఎదుటివారికి కనబడదన్న వాదన కూడా నిలవదు.

నా కోరిక చిన్నది. తమ యజమాని ఒక సాయంత్రం బండిని గోడకు ఎదురుగా నిలబెట్టి, తాను సీటు మీద కూర్చుని, తమ వెలుగు పై అంచు తమ ఎత్తుకన్నా కిందనే పడేలా క్లాంపు నట్టు వదులుచేసి, వంచి, మళ్ళీ బిగించాలి. అందుకు ఒక స్పానరు చాలు. అది ఆయన దగ్గర లేకపోతే నాది ఇస్తాను; కూడలిలో సిగ్నల్ పడగానే అడగమనండి, నేను తమ ఎదురు వరుసలోనే ఉంటాను.

ఇట్లు,
రాత్రివేళ హెల్మెట్ అద్దానికి నల్ల ఫిల్మ్ అతికించుకోవాలా అని ఆలోచిస్తున్న
తిరుపతి పౌరుడు