నరం గడ్డకు ఆపరేషన్ చేస్తే చెయ్యి పడిపోతుందా?

హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం తిరుగుతోంది: "నరానికి గడ్డ వస్తే కత్తి పెట్టనివ్వకండి, చెయ్యి పడిపోతుంది. సూది పొడిస్తే క్యాన్సర్ అవుతుంది. నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే కరుగుతుంది. తీసినా మళ్ళీ వస్తుంది." ఈ నాలుగింటిలో మొదటిదాంట్లో మాత్రమే కొంత నిజం ఉంది. అదీ జనం అనుకునే కారణం వల్ల కాదు.

"కత్తి పెడితే చెయ్యి పడిపోతుంది."

అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. కొవ్వు గడ్డేలే అనుకుని, స్కానింగ్ లేకుండా, అక్కడికక్కడే తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి కోసేస్తే గడ్డతోపాటు నరం కూడా తెగి బయటికి వస్తుంది. అది నరం గడ్డ అని ముందే తెలిస్తే ఆపరేషన్ తీరే వేరు.

ముందే తెలుసుకోవడం కష్టం కాదు. నరం గడ్డ వేళ్ళతో కదిపితే పక్కలకు కదులుతుంది, నరం పొడవునా కదలదు. పైన మెల్లగా తడితే ఆ నరం వెళ్ళే వేళ్ళలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. అల్ట్రాసౌండ్‌లో గడ్డ రెండు కొసల్లోనూ నరం తోకలా కనిపిస్తుంది. ఎమ్మారై టీ2 చిత్రాల్లో గడ్డ తెల్లగా వెలుగుతుంది, కొన్నింటిలో మధ్యభాగం నల్లగా ఉంటుంది. మన దేశంలో ఇంకొకటి మరిచిపోకూడదు. కుష్ఠువల్ల కూడా మోచేతి దగ్గర నరం ఉబ్బి గడ్డలా తగులుతుంది. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో చూడాలి. ఉంటే అసలు వైద్యం మందులతోనే.

ఇక ఆపరేషన్. నరం అంటే లోపల సన్నటి పోగులున్న కేబుల్ లాంటిది. నరం గడ్డల్లో ఒక రకమైన ష్వానోమా ఆ పోగులను పక్కకు నెట్టి, తనకంటూ ఒక తొడుగుతో పెరుగుతుంది. అందుకే దాన్ని ఒలిచి తీయవచ్చు. కోత నరం పొడవునా పెట్టి, ముందు గడ్డకు పైన, కింద మంచి నరాన్ని కనిపెడతారు. తర్వాత నరాన్ని కరెంటుతో తట్టి చూసే స్టిమ్యులేటర్‌తో, పోగులు లేని చోటు వెతికి, అక్కడే నిలువుగా పై పొరను చీలుస్తారు. ఒక్కో పొరా విడదీస్తే గడ్డ జారి బయటికి వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు పోగులు మాత్రమే గడ్డలోకి వెళ్తాయి. వాటిని తట్టినా కండరం కదలకపోతేనే కత్తిరిస్తారు. ఇదంతా పెద్దదిగా చూపే లూప్ అద్దాలతోనో మైక్రోస్కోప్‌తోనో చేయాలి. గడ్డను పట్టుకుని లాగకూడదు.

ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. కండరాలను సడలించే మందు ప్రభావం దిగకముందే తట్టి చూస్తే స్పందన రాదు. రక్తం ఆపే టూర్నికే అరగంట దాటి బిగించి ఉంచినా అంతే. పనిచేసే పోగును పనికిరానిదిగా పొరబడి కోసేస్తారు. కాబట్టి నరాన్ని తట్టి చూస్తారా అని రోగి తరఫువాళ్ళు నిస్సంకోచంగా అడగాలి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వీధి చివర క్లినిక్‌లో చేయించుకునే పని కాదిది.

న్యూరోఫైబ్రోమా అనే ఇంకో రకం నరం గడ్డలో పోగులు గడ్డ గుండానే పోతాయి. నష్టం అవకాశం ఎక్కువ. కొన్నిసార్లు కొంత గడ్డను వదిలేయడమే సరైన నిర్ణయం. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. ష్వానోమా తీశాక కూడా కొన్ని వారాలు తిమ్మిరి ఉండొచ్చు, చాలామందిలో అది తగ్గిపోతుంది.

"సూది పొడిస్తే క్యాన్సర్ అవుతుంది."

అవదు. సూదితో అసలు ఇబ్బంది వేరు: విపరీతమైన నొప్పి, పోగులకు గాయం, తర్వాత పొరలు అతుక్కుపోయి ఒలవడం కష్టమవడం. అందుకే చిత్రాలు స్పష్టంగా ష్వానోమానే చూపిస్తే సూది పరీక్ష చేయరు. కానీ గడ్డ వేగంగా పెరుగుతున్నా, రాత్రిళ్ళు నిద్రపట్టని నొప్పి ఉన్నా, కొత్తగా బలం తగ్గినా, 5 సెంటీమీటర్లు దాటినా ప్రాణాంతక గడ్డ కాదని తేల్చుకోవాలి. అలాంటప్పుడు స్కానింగ్ చూస్తూ ముక్క తీయడం అవసరం కావచ్చు, భయపడి మానకూడదు. ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే ఎన్‌ఎఫ్1 అనే జన్యు వ్యాధిని అనుమానించాలి. ఆ వ్యాధి ఉన్నవాళ్ళలో నరం క్యాన్సర్ ముప్పు జీవితకాలంలో సుమారు 10 శాతం.

"మర్దన చేస్తే కరుగుతుంది."

కరగదు. అక్కడ నలిగేది నరమే. నొప్పి లేని, పెరగని చిన్న గడ్డను మాత్రం కోయకుండా, 6 నుంచి 12 నెలలకోసారి స్కానింగ్ చేయిస్తూ గమనించవచ్చు.

"తీసినా మళ్ళీ వస్తుంది."

పూర్తిగా తీసిన ష్వానోమా తిరిగి రావడం అరుదు. ఎన్‌ఎఫ్2 అనే జన్యు వ్యాధి వంటివి ఉన్నవాళ్ళకు వేరే చోట కొత్తవి పుట్టవచ్చు, వాటిని పాత గడ్డే తిరిగొచ్చిందని అనుకుంటారు. ఏది ఏదో తేల్చేది పాథాలజీ రిపోర్టే. తీసిన గడ్డను పారేయకుండా పరీక్షకు పంపారా అని అడిగి, గడ్డ నరం పొర కణాలదేనా అని చూసే ఎస్-100 వంటి పరీక్షల ఫలితాలున్న ఆ కాగితాన్ని ఎమ్మారై చిత్రాలతో కలిపి భద్రంగా దాచుకోండి.