నాడి అందని మనిషి

మణికట్టు పట్టుకుంటే నాడి అందదు. రక్తపోటు కొలిచే పట్టీ చుట్టినా అంకె సరిగా తేలదు. అయినా ఆ మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూనే ఉంటాడు. ఛాతీకి స్టెతస్కోపు ఆనిస్తే మోటారు తిరుగుతున్న సన్నని రొద వినిపిస్తుంది. కృత్రిమ గుండెతో బతుకు ఇలా ఉండవచ్చని ఆపరేషన్‌కు ముందే రోగికీ, ఇంటివారికీ తెలియాలి. అంగీకారపత్రం మీద సంతకం చేయించుకునే పది నిమిషాల్లో చెప్పి ముగించే సంగతి కాదిది.

తికమక పేరులోనే ఉంది. ఈ పేరుతో ఎక్కువగా అమరుస్తున్నది నిజానికి ఎల్‌వ్యాడ్ అనే పంపు. రోగి గుండెను తీసివేయరు. ఎడమ జఠరిక (గుండెలోని ఎడమవైపు కింది గది) కొనకు పంపును బిగిస్తే, అది రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి ఎడతెగకుండా పంపుతుంది, నాడి అందకపోవడానికి కారణమదే. రెండు జఠరికలనూ తొలగించి యంత్రాన్ని పెట్టడం వేరే చికిత్స. 1982 డిసెంబరు 2న అమెరికాలోని యూటాలో జార్విక్-7 అనే అలాంటి యంత్రాన్ని అమర్చుకున్న బార్నీ క్లార్క్, పెద్ద యంత్రానికి గొట్టాలతో కట్టుబడి 112 రోజులు జీవించారు. 2024 నవంబరులో సిడ్నీలో బైవాకోర్ టైటానియం గుండె పొందిన రోగి దానితోనే ఇంటికి వెళ్లి, 2025 మార్చిలో దాత గుండె దొరికేదాకా నిలబడ్డారు. నలభై ఏళ్లలో సాధించిన ముందడుగు పెద్దదే, కానీ ఈ రెండో రకం నేటికీ ప్రధానంగా దాత కోసం ఎదురుచూసేవారికి ఆసరా మాత్రమే. కాబట్టి రోగి మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పంపు అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో వంతు వచ్చేవరకా, లేక జీవితాంతమా?

ఇక రోజువారీ సంగతి. పొట్ట చర్మం గుండా బయటికి వచ్చే తీగ నడుముకున్న నియంత్రణ పెట్టెకు చేరుతుంది. హార్ట్‌మేట్-3 అనే ఎల్‌వ్యాడ్ పంపుకు బ్యాటరీల జత గరిష్ఠంగా 17 గంటలు నడుస్తుంది, రాత్రి నిద్రలో గోడ ప్లగ్గుకు తగిలించుకోవాలి. కరెంటు పోయే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. చెరువులో, కాలువలో ఈత ఇక లేదు. తీగ బయటికి వచ్చిన చోట చీము పట్టకుండా కట్టు మార్చేది సాధారణంగా భార్యో, కొడుకో. ఆ చేతులకే ముందు శిక్షణ కావాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవారు తోటకూర, పాలకూర ఒకరోజు కుప్పగా తిని మరునాడు మానేస్తే మందు ప్రభావం హెచ్చుతగ్గులవుతుంది. మానక్కర్లేదు, వరుస తప్పకూడదు. రక్తస్రావం, పక్షవాతం ముప్పు ఎలాగూ ఉంది. అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో హార్ట్‌మేట్-3 పొందినవారిలో ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నది నూటికి 58 మంది. తీవ్రస్థాయి గుండె వైఫల్యంతో పోలిస్తే ఇది మంచి ఫలితమే. ఆ పోలికతో సహా చెప్పాలి.

పంపు అమర్చే ప్రతి ఆసుపత్రీ ఈ వివరాలన్నీ తెలుగులో రాసి ఇవ్వాలనీ, కనీసం రెండు విడతలుగా కుటుంబంతో మాట్లాడాలనీ, రోగి ఊరి వైద్యుడికీ 108 సిబ్బందికీ సమాచారం చేర్చాలనీ మేము కోరుతున్నాం. నోరు తెరిచి అడగడానికి అందరూ జంకే ప్రశ్న మరొకటి మిగిలింది. పక్షవాతంతో స్పృహ పోయి, పంపు మాత్రం తిరుగుతూ ఉంటే దాన్ని ఆపమని చెప్పేదెవరు? అలాంటి స్థితిలో ఏ చికిత్స వద్దో రోగి ముందే రాసిపెట్టే ముందస్తు వైద్య నిర్దేశాన్ని సుప్రీంకోర్టు 2018లోనే గుర్తించింది. 2023లో ఆ ప్రక్రియను సరళం చేశాక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతోంది. ఆ కాగితం ఆపరేషన్ బల్ల ఎక్కకముందే, రోగి తన నోటితో చెప్పగలిగినప్పుడే రాయించుకోవాలి.